కొలవని చేతుల కోటు

గొప్పవాళ్ల జీవిత చరిత్రల్లో వాళ్లు పుట్టిన రోజున పిడుగులు పడటమో, నక్షత్రాలు రాలడమో జరుగుతుంది. మన కథానాయిక పుట్టినప్పుడు అలాంటిదేమీ జరిగినట్టు ఆధారాలు లేవు. ఆమె మహత్తు నాలుగైదేళ్ల వయసులో, వంటింటి గుమ్మంలో బయటపడింది.

"గూట్లో పంచదార డబ్బా ఉంది, పట్రా తల్లీ" అంది వాళ్లమ్మ.

పిల్ల కదల్లేదు. "లేకపోతే?"

"ఎందుకుండదే? నేనే పెట్టాను."

"సరే, డబ్బా ఉంటుంది. లోపల పంచదార లేకపోతే?"

వాళ్లమ్మ పొయ్యి ఆర్పి స్వయంగా వెళ్లి చూసింది. డబ్బా ఉంది. పంచదార లేదు. పిల్ల ముఖంలో గర్వమేమీ కనపడలేదట. జాలి మాత్రం కనపడిందట.

ఆ పిల్ల పెరిగి పెద్దదై, మొబైల్ యాప్‌లు రాసే ప్రోగ్రామరై, ఆఫీసులో 'లేకపోతే అక్క'గా స్థిరపడింది. అసలు పేరు గుమ్మం దగ్గరి హాజరు యంత్రానికి తప్ప ఎవరికీ గుర్తులేదు.

ఆఫీసు ఒక చెప్పుల దుకాణం పై అంతస్తులో ఉంది. మెట్లెక్కేవాళ్లకి సగం దూరం కొత్త తోలు వాసన, మిగతా సగం పాత కాఫీ వాసన తోడొస్తాయి. పైన ఉన్నవి రెండే గదులు. పెద్ద గదిలో ప్రోగ్రామర్లు, చిన్న గదిలో మేనేజరు. ఆ చిన్న గదిలో ఉండేది ఒక్క మనిషే అయినా ఖాళీ పెద్దగా కనపడదు. మేనేజరుగారు పొట్టి, ఆ లోటును అడ్డంగా పూడ్చుకున్నారు. మనసు మాత్రం మంచిది. ఎవరి మీదైనా కోప్పడితే మధ్యాహ్నం లోపల తనే వచ్చి బిస్కెట్టు ఇచ్చి వెళతారు.

ప్రోగ్రాముల లోకం గురించి ఇక్కడొక చిన్న ముక్క చెప్పుకోవాలి. ఒక మనిషి ఫోన్ నంబరో, ఇంటి చిరునామానో యాప్ గుర్తుపెట్టుకోవాలంటే దానికొక చోటు కేటాయిస్తుంది. ఆ చోట్లో విలువ ఉండొచ్చు, ఉండకపోవచ్చు. అలాంటి చోటును ఆప్షనల్ అంటారు. లోపల ఏమీ లేకపోతే నిల్ అంటారు. మూత పెట్టిన డబ్బా అనుకోండి. మూత తీసి, చూసి, ఉంటే వాడుకుంటే ఏ గొడవా లేదు. చూడకుండా "ఉంది, నాదీ పూచీ" అని యంత్రానికి మాటిచ్చి చెయ్యి పెడితే, లోపల ఏమీ లేని రోజున యాప్ అక్కడికక్కడే కుప్పకూలుతుంది. దాన్ని క్రాష్ అంటారు. వాడేవాళ్లు దానికి ఇంకా చాలా పేర్లు పెడతారు గాని, అవి అచ్చు వెయ్యదగ్గవి కావు.

సున్నా వేరు, నిల్ వేరు. కోటుకి లోపలి జేబు వద్దన్న మనిషి వేరు, జేబు కావాలా అని ఎవరూ అడగని మనిషి వేరు. ఈ తేడా మీద లేకపోతే అక్క ఒక పూటంతా మాట్లాడగలదు. మాట్లాడింది కూడా. వినేవాళ్లకి భోజనం చల్లారిపోయింది.

ఆమె పక్క కుర్చీలో కూర్చునేది స్వయానా ఆమె మరిది. ఆఫీసులో అతన్ని 'ధీమా' అంటారు. "పూచీ నాది" అని యంత్రానికి చెప్పాలంటే వాళ్లు రాసే భాషలో విలువ పక్కన ఒక ఆశ్చర్యార్థకం పెడితే చాలు. మరిది రాసిన పేజీ చూస్తే పరుగుపందెం చివర జనం కేకలు పెడుతున్నట్టు ఉంటుంది.

"ఇక్కడ నంబరు లేకపోతే ఏం చేస్తావయ్యా?" అని వదిన అడుగుతుంది.

"ఎందుకుండదు వదినా? ఫోన్ లేని మనిషి ఫోన్లో యాప్ ఎలా వాడతాడు?"

"భార్య ఫోన్లో వాడతాడు."

"అలాంటివాడు ఎక్కడో ఒకడుంటాడు."

"ఉంటాడు కదా. వాడు నొక్కుతాడు, ఇది పడిపోతుంది. వాడు ఆవిణ్ణి అంటాడు, ఆవిడ మనల్ని అంటుంది."

"నువ్వు అన్నయ్యతో కూడా ఇలాగే మాట్లాడతావా?"

"మీ అన్నయ్య నీలా ఆశ్చర్యార్థకాలతో మాట్లాడరు."

ఆ మాట నిజమే. ఆ అన్నయ్య, అనగా లేకపోతే అక్క భర్త, కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాడు. మాటలు తక్కువ. రోజంతా మిల్లీమీటర్లతో గడిపే ఆ మనిషికి సృష్టికర్త మీటర్ల లెక్కన చేతులిచ్చాడు. పురాణ పురుషుడైతే ఆజానుబాహువనే బిరుదు దక్కేది. ఈయనకి ట్రాంబోన్ దక్కింది.

ట్రాంబోన్ అంటే ఇత్తడి గొట్టాన్ని ముందుకు తోస్తూ, వెనక్కి లాగుతూ వాయించే వాయిద్యం. బాగా కింది స్వరం కావాలంటే గొట్టాన్ని చెయ్యి చాచినంత దూరం తొయ్యాలి. ఊరి బ్యాండుకి బారు చేతుల మనిషి కావలసివచ్చి, కళ్లజోడు బాగుచేయించుకోవడానికి వెళ్లిన బ్యాండు మాస్టారే ఈయన్ని కనిపెట్టాడు. వాయించడం బాగానే వచ్చింది. రానిది కోటు. బ్యాండులో అన్నీ ఎవరెవరికో కుట్టిన పాత కోట్లు. గొట్టం ముందుకు తోసినప్పుడల్లా కోటు చెయ్యి మోచేతి దాకా ఎగబాకేది, చూసే పిల్లలు కిచకిచమనేవాళ్లు. అందుకని ఇన్నేళ్లుగా ఆయన వెనక వరసలో, పెద్ద డోలు వాయించే మనిషి చాటున నిలబడుతూ వచ్చాడు.

ఈసారి రెండు సంగతులు ఒకేసారి జరిగాయి. బ్యాండు అందరికీ కొత్త కోట్లు కుట్టించాలని తీర్మానించారు. ఆదివారం మధ్యాహ్నం పార్కులో జరిగే కచేరీలో ఒక నెమ్మది పాటను ట్రాంబోన్ ఒక్కటే, ముందుకొచ్చి నిలబడి వాయించాలని మాస్టారు నిర్ణయించాడు.

ఆ కబురు ఇంట్లో చెప్పినప్పుడు ఆయన మొహం చూడవలసిందే.

"చెయ్యి పూర్తిగా చాచినా కోటు మణికట్టు దగ్గరే ఉండాలి. అంతే నాక్కావలసింది" అన్నాడు భార్యతో.

"అంతేనా? బాగా వాయించక్కర్లేదా?"

"అది నేను చూసుకుంటానోయ్. చెయ్యి సంగతి టైలరమ్మ చూసుకోవాలి."

టైలరమ్మ పేరున్న మనిషి. ఇళ్లకీ ఆఫీసులకీ వెళ్లి తనే కొలతలు తీసుకుంటుంది. దుకాణంలో ఆమె తమ్ముడు బట్ట కత్తిరిస్తాడు. ఇద్దరి మధ్యా కొలతలు చీటీల మీద తిరిగి, కాఫీలో నాని, అక్కాతమ్ముళ్ల మధ్య మాటలు లేకుండా పోయే దాకా వచ్చాక, చెప్పుల దుకాణం పైనున్న కంపెనీ వాళ్లకొక యాప్ రాసిచ్చింది. అక్క ఫోన్లో కొట్టిన కొలత తమ్ముడి బల్ల మీది తెర మీద కనపడుతుంది. ఆ యాప్ రాసింది లేకపోతే అక్క. పరీక్షకి ఎవరో ఒకరి కొలతలు కావలసివస్తే టేపు పట్టుకుని మేనేజరుగారి గదిలోకి వెళ్లింది. ఆయన ఊపిరి బిగపట్టి పొట్ట లోపలికి లాక్కోబోయారు. "వదిలెయ్యండి సార్, యాప్‌కి అబద్ధం చెప్పకూడదు" అని ఉన్నదున్నట్టు కొలిచింది.

యాప్ ఒక్కసారీ పడిపోలేదు. ఆ మాటకొస్తే టైలరమ్మని పని చేసుకోనివ్వలేదు కూడా. ఏ కొలత ఖాళీగా వదిలినా తెర మీద ప్రశ్న లేచేది: "మెడ కొలవలేదు. నిజంగా కొలవలేదా? తరవాత కొలుస్తారా?" టైలరమ్మ ఒక రోజు ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చి మేనేజరు బల్ల మీద ఫోను పెట్టింది.

"ఏమయ్యా, ఇది యాపా, మా అత్తగారా? టేపు నోట్లో పెట్టుకుని, గుండుసూదులు చేత్తో పట్టుకుని నిలబడితే నన్ను ఇన్ని ప్రశ్నలేస్తుందేం? ముందు వీపు కొలవనివ్వమను, ఆ తరవాత వీపు కొలిచానో లేదో చెప్తాను!"

ఆ మాటలో న్యాయం ఉంది. మేనేజరు లేకపోతే అక్కని పిలిచి, గొంతు సవరించుకుని, ఎంతో గౌరవంగా ఆ యాప్‌ని మరిదికి అప్పజెప్పారు. "మీరు దంతవైద్యుల యాప్ చూడండమ్మా. అక్కడైతే ఎన్ని ప్రశ్నలైనా వెయ్యొచ్చు, నోరు తెరుచుకునే ఉంటారు" అన్నారు. మధ్యాహ్నం బిస్కెట్టు కూడా ఇచ్చారు. ఆమె తిన్నది గాని రుచి తెలియలేదు.

మరిది ప్రశ్నలన్నీ పీకేశాడు. టైలరమ్మ అతన్ని దీవించింది. బ్యాండు వాళ్లని కొలవడానికి ఆమె వెళ్లింది ఈ కొత్త యాప్‌తోనే. రిహార్సల్ మధ్యలో ఇచ్చిన విరామంలో ఒక్కొక్కరినీ నిలబెట్టి గబగబా కొలిచింది. చివర ట్రాంబోన్ మనిషి దగ్గరకొచ్చి భుజాలు కొలిచి, ఛాతీ కొలిచి, నడుము చుట్టూ టేపు తిప్పబోతుంటే మాస్టారు చప్పట్లు కొట్టాడు. అందరూ పరిగెత్తారు. ఇలా సగం కొలతతో మిగిలినవాళ్లు నలుగురైదుగురున్నారు. తరవాత చూసుకుందామని ఆమె ఉన్న కొలతలే పంపే మీట నొక్కి వెళ్లిపోయింది. తరవాత అనేది పెళ్లి బట్టల ఆర్డర్ల కింద నలిగిపోయింది.

దుకాణంలో తమ్ముడు ఆ పేర్లలో మొదటిది తెరిచాడు. యాప్ నడుము కొలత ఉందన్న పూచీ మీద చెయ్యి పెట్టింది. లోపల ఏమీ లేదు. కుప్పకూలింది. మళ్లీ తెరిస్తే మళ్లీ కూలింది. మేనేజరుకి ఫోనొచ్చింది, మేనేజరు ధీమా అని కేకేశారు, కాఫీ చల్లారే లోపల ధీమా బాగుచేసేశాడు.

"ఒక్కటే లైను వదినా!" అన్నాడు కుర్చీ వెనక్కి వాల్చి. "కొలత ఉంటే కొలత. లేకపోతే డిఫాల్ట్. ఇక జన్మలో క్రాషవ్వదు."

డిఫాల్ట్ అంటే అసలు విలువ లేనిచోట యంత్రం తనంతట తాను పెట్టుకునే విలువ. ఆ డిఫాల్ట్ ఎంత, ఎక్కణ్ణించి తెచ్చావు అనే ప్రశ్న లేకపోతే అక్క నాలుక చివరిదాకా వచ్చింది. మరో రోజైతే దూకేసేది. కానీ ఈమధ్యే తన ప్రశ్నల మీద ఆఫీసు ఆఫీసంతా కలిసి తీర్పు చెప్పింది కదా. ఆమెకి రోషం ఉంది. మూతి బిగించి దంతవైద్యుల వైపు తిరిగిపోయింది.

గురువారం సాయంత్రం కోటు ఇంటికొచ్చింది. ముదురు నీలం, ఇత్తడి గుండీలు, చేతుల చివర బంగారు రంగు పట్టీ. భర్త చేతులు కడుక్కుని వచ్చి మరీ తొడుక్కున్నాడు. మరిది కూడా అక్కడే ఉన్నాడు, చూసి ఆనందించడానికి వచ్చాడు.

భుజాలు అచ్చు గుద్దినట్టు సరిపోయాయి. ఛాతీ సరిపోయింది. అక్కణ్ణించి కిందికి ఆ కోటు వేరే మనిషిది. పొట్ట దగ్గర ఒక దిండు దాచుకోగలిగినంత గుడ్డ ముందుకు వేలాడుతోంది. చేతులు మోచేయి దాటి కొంచెం దూరం ప్రయాణించి ఆగిపోయాయి. భర్త అలవాటు కొద్దీ కుడిచెయ్యి చాచాడు. కోటు చెయ్యి మోచేతి పైకెక్కి కూర్చుంది.

ఆయన నెమ్మదిగా చెయ్యి దించాడు.

"ఫర్వాలేదులే" అన్నాడు. "మాస్టారికి చెప్తాను. ముందుకెళ్లకుండా వెనక నుంచే వాయిస్తాను. పాట వినపడితే చాలు కదా."

మరిది మొహం పాలిపోయింది. భార్య టేపు తెచ్చి భర్తని కాదు, కోటుని కొలిచింది. నడుము కొలిచింది. చెయ్యి కొలిచింది. మళ్లీ నడుము కొలిచి మరిది వైపు చూసింది.

"ఈ పొట్ట నాకు తెలుసు."

"ఏ పొట్ట వదినా?"

"దీన్ని నా చేత్తో కొలిచాను. ఇది మన మేనేజరుగారిది."

మరిది దగ్గరకొచ్చి వేలాడుతున్న గుడ్డ పట్టుకు చూశాడు. "ఫైల్లో ముందే ఉన్నాయి కదా అని... అవి నీ పరీక్ష కొలతలా?"

"ఒక్క మాట అడగొచ్చు కదయ్యా?"

"నువ్వే అడుగుతావనుకున్నాను వదినా! ఎప్పుడూ అడుగుతావు కదా!"

ఇద్దరూ కోటు తీసుకుని, చెప్పులేసుకుని టైలరమ్మ దుకాణానికి పరిగెత్తారు. అక్కడ పరిస్థితి ఇంకా రసవత్తరంగా ఉంది. బ్యాండులో సన్నగా గడకర్రలా ఉండే ఫ్లూటు మనిషీ, ఇంకో ముగ్గురూ ఒకే పొట్టతో అద్దం ముందు వరసగా నిలబడి ఉన్నారు. టైలరమ్మ తమ్ముణ్ణి దులిపేస్తోంది.

"కళ్లున్నాయా నీకు? అగ్గిపుల్లలాంటి మనిషికి ఈ నడుమేమిట్రా?"

"నేను మనిషిని చూశానా అక్కా? తెర మీద అంకె ఉంది, కోశాను. ఖాళీగా ఉంటే నీకు ఫోను చేసేవాణ్ణి."

"తప్పు అతనిది కాదండీ" అన్నాడు మరిది గుమ్మంలోంచే. జీవితంలో మొదటిసారి అతని వాక్యం చివర ఆశ్చర్యార్థకం లేదు. "నాది. అంకె లేనిచోట నేనే మా మేనేజరుగారి అంకె పెట్టాను. యాప్ పడిపోయినా బాగుండేది, పడిపోతే తెలిసేది."

"సగం నాది" అంది వదిన. "తెలిసీ ఊరుకున్నాను."

"పంచుకోవడం తరవాత" అంది టైలరమ్మ. "ఆదివారం కచేరీ. బట్ట తాను అయిపోయింది, ఇదే రంగు మళ్లీ రావాలంటే పై నెల. నడుము కుదించడం చిటికెలో పని. చేతులు ఎలా పెంచను? లాగితే పెరుగుతాయా?"

అందరూ మేనేజరుగారి పొట్టల కేసి దిగులుగా చూశారు. ముందుగా తేరుకుంది టైలరమ్మే. ట్రాంబోన్ కోటుని బల్ల మీద పరిచి, నడుము దగ్గర మిగిలే గుడ్డని రెండు చేతులతో పట్టుకుని బరువు చూసినట్టు ఊపింది.

"మీ మేనేజరుగారి పొట్ట ట్రాంబోన్ ఆయన చేతులకి సరిపోతుందేమో" అంది. "పక్కల నుంచి తీసిన ముక్కలు చేతుల చివర కఫ్‌లుగా వేస్తాను. అతుకు బంగారు పట్టీ కింద దాక్కుంటుంది. కానీ ఈసారి మనిషిని ఎదురుగా నిలబెట్టి కొలుస్తాను. ఆయన్ని రమ్మను, ఆ గొట్టాన్ని కూడా తెమ్మను."

శుక్రవారమంతా వదినా మరిదీ ఒకే తెర ముందు కూర్చున్నారు. మరిది డిఫాల్ట్ పీకేశాడు. వదిన తన పాత ప్రశ్నలు తిరిగి పెట్టబోయి ఆగింది. టైలరమ్మ నోట్లో టేపు ఆమెకి కళ్ల ముందు కనపడింది.

"కొలిచేటప్పుడు ఏమీ అడగొద్దు" అంది. "ఖాళీని ఖాళీగానే దాచుదాం. తమ్ముడి బల్ల దగ్గర అడుగుదాం. కొయ్యబోయే ముందు, ఒక్కసారి."

"అన్నీ ఉంటేనే 'కత్తిరించు' మీట వెలుగుతుంది. లేకపోతే ఎవరివి ఏం కొలవాలో చూపిస్తుంది. అంతేనా వదినా?"

"అంతే. జేబు వద్దన్నవాళ్లని మాత్రం మళ్లీ విసిగించకు. వాళ్లు జవాబు చెప్పేశారు."

అతనే రాశాడు. ఆమె పక్కన కూర్చుని బఠానీలు ఒలిచినట్టు ఆశ్చర్యార్థకాలు ఒక్కొక్కటే ఏరింది. మేనేజరుగారికి విషయం చెప్పినప్పుడు ఆయన గంభీరంగా వేళ్ల మీద లెక్కపెట్టుకుని, "అయితే నేను అయిదు కోట్లలో ఉన్నానన్నమాట" అన్నారు. ఆ గొంతులో కొంత గర్వం కూడా ధ్వనించింది.

ఆదివారం పార్కులో గడ్డి మీద కుర్చీలు వేశారు. ముందు బ్యాండంతా కలిసి హుషారు పాటలు వాయించింది. తరవాత మాస్టారు తల ఊపాడు. బారు చేతుల మనిషి డోలు చాటు నుంచి బయటికొచ్చి, వేదిక అంచున ఒక్కడే నిలబడ్డాడు. లేకపోతే అక్క రెండో వరసలో మరిదికీ మేనేజరుకీ మధ్య కూర్చుని ఉంది. ఆమెకి సంగీతం పెద్దగా తెలియదు. ఆమె చూపంతా ఒక బంగారు రంగు పట్టీ మీదే ఉంది.

పాట నెమ్మదిగా మొదలై, నెమ్మదిగా కిందికి దిగింది. గొట్టం కొంచెం ముందుకెళ్లింది, ఇంకొంచెం వెళ్లింది. అట్టడుగు స్వరం దగ్గర ఆయన కుడిచెయ్యి తిన్నగా, పూర్తిగా చాచాడు. చాచి, ఆ స్వరాన్ని అక్కడే నిలబెట్టాడు. కోటు చెయ్యి మణికట్టు దగ్గరే ఉండిపోయింది.

"కుట్టు గట్టిదే" అన్నారు మేనేజరుగారు నెమ్మదిగా.

"మీ గుడ్డ గట్టిది సార్" అన్నాడు మరిది.

ఆమె ఇద్దర్నీ నోరు మూసుకోమంది. చెయ్యి మీదనుంచి చూపు తీసి మొదటిసారి పాట విన్నది. బాగుంది.

ఆ సాయంత్రం ఆయన భోజనాల బల్ల దగ్గర కూడా కోటు విప్పలేదు. మరక పడుతుందని ఆమె ఆయన మెళ్లో తువ్వాలు కట్టింది. నీళ్ల జగ్గు ఆమె మోచేతి పక్కనే ఉంది, ఇవ్వబోతే వద్దన్నాడు. బల్లకి ఆ చివర నుంచి చెయ్యి బారుగా చాచి, తనే అందుకుని, గ్లాసు నింపుకున్నాడు. గ్లాసు ఇంకా నిండుగా ఉండగానే మరోసారి చెయ్యి చాచాడు.